నాణెం మీద ఆ తేడా ఏమిటి? రంగు, దెబ్బ, మింట్ ఎర్రర్ విడదీసి చూసే సమగ్ర మార్గదర్శి

చిల్లర లెక్కపెడుతుంటే ఒక నాణెం మిగతావాటితో కలవకుండా కనిపిస్తుంది. ఒక వైపు నీలంగా ఉంటుంది, లేదా అక్షరాలు రెండేసి పడ్డట్టుంటాయి, లేదా అంచున చిన్న ముక్క ఉండదు. చాలామంది అప్పటికప్పుడు ఫోన్ తీసి "ఇది ఎంతకు పోతుంది" అని వెతకడం మొదలుపెడతారు. అది తర్వాతి సంగతి. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ తేడా నాణేనికి ఎప్పుడు వచ్చింది? అచ్చు పడక ముందా, అచ్చు పడుతున్నప్పుడా, లేక మింట్ (నాణేలు తయారుచేసే టంకశాల) నుంచి బయటికి వచ్చాకా? మొదటి రెండూ అయితే అది మింట్ ఎర్రర్. మూడోది అయితే దెబ్బ, లేదా కాలంతో పాటు పట్టిన రంగు. ఈ ప్రశ్నను వదలకుండా పట్టుకుంటే చాలా అనుమానాలు మీ బల్ల దగ్గరే తీరిపోతాయి. కింద రాసిందంతా ఆ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతే.

1. ముందు దాన్ని కడగకండి

ఇది చివర్లో చెప్పే జాగ్రత్త కాదు, మొట్టమొదట చెప్పాల్సిందే. టూత్‌పేస్ట్, వంటసోడా, నిమ్మరసం, వెండి పాలిష్, ఏదీ వద్దు. బట్టతో రుద్దడం కూడా వద్దు. నాణెం మీద ఉన్న పొర, మురికి, మెరుపు అన్నీ సాక్ష్యాలే. దెబ్బ లోపల మురికి ఉందా, రంగు ఆ గీత మీదుగా వెళ్లిందా, గీత రంగును కోసుకుంటూ వెళ్లిందా అన్నది చూస్తేనే ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో తెలుస్తుంది. కడిగేస్తే ఆ వరుస పోతుంది, మళ్లీ రాదు. పైగా సేకరణలో ఉన్నవాళ్లు కడిగిన నాణేన్ని ఒక్క చూపులో గుర్తుపట్టి పక్కన పెట్టేస్తారు.

నాణేన్ని ఎప్పుడూ అంచుల దగ్గరే పట్టుకోండి. వేళ్ల మీది చెమట, నూనె లోహంతో కలిసిపోతే వేలిముద్ర అలాగే ఉండిపోతుంది, ముఖ్యంగా కొత్త రాగి నాణేల మీద. బల్ల మీద మెత్తటి బట్ట పరిచి దాని పైన చూస్తే చెయ్యి జారినా ఫరవాలేదు.

2. దగ్గర ఉంచుకోవాల్సినవి

పదిరెట్లు పెద్దగా చూపించే లూప్ ఒకటి, 0.01 గ్రాము వరకు తూచే చిన్న డిజిటల్ త్రాసు, వ్యాసం, మందం కొలిచే కాలిపర్, ఒక అయస్కాంతం, అటూ ఇటూ తిప్పగలిగే ఒక టేబుల్ లైట్. ఇవి చాలు. అందరూ ముందు లూప్ కొంటారు. నేనైతే త్రాసు ముందు కొనమంటాను, ఎందుకంటే కన్నును మోసం చేయడం తేలిక, బరువును మోసం చేయడం కష్టం. మైక్రోస్కోప్ అవసరం ఇంకా తక్కువ. మరీ ఎక్కువ పెద్దగా చేసి చూస్తే ప్రతి నాణెం మీదా ఏదో ఒక గీత వింతగా కనిపిస్తుంది, దానితో లేనిపోని టెన్షన్.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. అదే రకం, అదే సంవత్సరం, ఏ తేడా లేని మామూలు నాణెం. పక్కపక్కన పెట్టి చూడకుండా ఏ నిర్ణయానికీ రావద్దు.

3. నాణెం ఎలా తయారవుతుందో ఒకసారి గుర్తు పెట్టుకోండి

లోహపు రేకును కావలసిన మందానికి సాగదీసి, దాని నుంచి గుండ్రటి బిళ్లలు కత్తిరిస్తారు. కొట్టినప్పుడు అచ్చుకు లొంగేలా వాటిని కొలిమిలో వేడిచేసి మెత్తబరుస్తారు, శుభ్రం చేస్తారు. తర్వాత ఒక యంత్రం బిళ్ల చుట్టూ నొక్కి అంచును కాస్త పైకి లేపుతుంది. అప్పటికీ అది బొమ్మ లేని బిళ్లే. దాన్ని ప్రెస్‌లో రెండు అచ్చుల మధ్య పెడతారు, చుట్టూ కాలర్ అనే ఉంగరం బిగించి ఉంటుంది. పై అచ్చు, కింది అచ్చు కలిసి నొక్కినప్పుడు లోహం నిజంగా ప్రవహిస్తుంది, అచ్చులోని గుంటల్లోకి ఎక్కుతుంది, పక్కలకు పరుచుకుని కాలర్‌ను తాకి ఆగిపోతుంది. నాణెం పక్క అంచు మీది గీట్లు చాలా నాణేల్లో ఆ కాలర్ నుంచే వస్తాయి. ఇప్పటి ప్రెస్‌లు నిమిషానికి 750 నాణేల దాకా కొట్టగలవు. అంత వేగంలో ఎక్కడో ఒక చోట తేడా రావడం సహజమే.

దీన్నిబట్టి ఎర్రర్లు మూడు చోట్ల పుడతాయి: బిళ్లలో, అచ్చులో, కొట్టే క్షణంలో. ఈ ప్రయాణంలో ఏ దశలోనూ జరగడానికి వీల్లేని తేడా కనిపిస్తే అది బయట జరిగిందే. "నాణేల గురించి నాకేం తెలియదు" అనేవాళ్లు కూడా ఈ ఒక్క పేరా అర్థం చేసుకుంటే చాలు, మిగతాది తర్కమే.

4. రంగు చూడండి

దీపాన్ని ఒక పక్క నుంచి పడేలా పెట్టి, నాణేన్ని నెమ్మదిగా వంచుతూ తిప్పండి. వాడకంలో అరగని నాణెం మీద రెండు వెలుగు పట్టీలు కేంద్రం చుట్టూ గిరగిరా తిరుగుతాయి. కొట్టినప్పుడు లోహం బయటి వైపుకు పారుతూ వదిలిన సన్నటి గీతల వల్ల వచ్చే మెరుపు అది. సహజంగా పట్టిన రంగు ఈ మెరుపు మీద పలచటి పొరలా ఉంటుంది, కాబట్టి తిప్పినప్పుడు రంగు కిందనుంచి వెలుగు పట్టీ సాఫీగా జరుగుతూ పోతుంది. రంగున్న చోటికి రాగానే ఆ పట్టీ చచ్చిపోతే, అక్కడి పైపొర దెబ్బతిందన్నమాట.

వెండి నాణేల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రంగుల విషయంలో మోసాలు ఎక్కువ జరిగేది అక్కడే. గాలిలోని, కాగితంలోని గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పలచటి పొర కడుతుంది. కనిపించే రంగులు ఆ పొరలోవి కావు. పొర పైనుంచి, అడుగునుంచి తిరిగొచ్చే కాంతి ఒకదానితో ఒకటి కలవడం వల్ల రంగు కనిపిస్తుంది, నీళ్ల మీద నూనె చుక్క రంగులు తేలినట్టే. అందుకే ఆ రంగులకు ఒక వరుస ఉంటుంది. పొర పలచగా ఉన్నప్పుడు లేత పసుపు, బంగారు రంగు, ఇంకాస్త మందమైతే ఎర్రటి ఊదా, తర్వాత నీలం, ఆ తర్వాత లేత నీలి ఆకుపచ్చ, మళ్లీ పసుపు, మళ్లీ గులాబీ, ఆకుపచ్చ, చివరికి నలుపు. పాతకాలపు కాగితం ఆల్బమ్‌లలో ఉన్న నాణేలకు గంధకం అంచు నుంచి తగులుతుంది కాబట్టి అంచున ముదురు రంగు, మధ్యకు వచ్చేకొద్దీ లేత రంగు వలయాల్లా ఏర్పడతాయి. ఒక రంగు నుంచి పక్క రంగులోకి మెల్లగా జారుతుంది తప్ప గీత గీసినట్టు ఆగదు.

కృత్రిమంగా పట్టించిన రంగులో ఈ వరుస తప్పుతుంది. బంగారు రంగు దశే లేకుండా తెల్లటి వెండి పక్కనే ముదురు నీలం వచ్చేస్తుంది. అక్షరాల మొదట్లో, మూలల్లో రంగు మడుగు కట్టినట్టుంటుంది, ఏదో ద్రవం పూశారని అర్థం. మంట మీద వేడిచేసిన రాగి, క్యుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) నాణేలు ఊదా, నీలం, గులాబీ కలిపిన ఒకరకం ఆకర్షణీయమైన రంగులు తెచ్చుకుంటాయి గానీ, వాటి మెరుపు మందగించి ఉంటుంది. అరిగిపోయి చదునైన నాణెం మీద ఇంద్రధనస్సు రంగులు కనిపిస్తే నేను ముందు అనుమానిస్తాను. చేతులు మారుతూ అరిగిన నాణెం సాధారణంగా బూడిద రంగుకే తిరుగుతుంది.

రాగి నాణేలు మొదట ఎర్రగా ఉండి, మెల్లగా గోధుమ రంగులోకి వెళ్తాయి. అది స్థిరమైన పొర, లోహాన్ని కాపాడుతుంది కూడా. పాత నాణెం ఉన్నట్టుండి గులాబీ నారింజ రంగులో మెరుస్తుంటే దాన్ని ఎవరో ఆమ్లంలో ముంచారనుకోండి. ఆకుపచ్చ చిలుము గట్టిగా, నున్నగా అంటుకుని ఉంటే అది చాలావరకు పాత పొర. అదే లేత ఆకుపచ్చ పొడిలా రాలుతూ, తుడిస్తే మళ్లీ మళ్లీ వస్తుంటే జాగ్రత్త, క్లోరైడ్ లోపలికి చేరి లోహాన్ని తినేస్తోంది. ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వేరుచేసి పొడిగా ఉండే చోట పెట్టాలి. ఇంకొక ఆకుపచ్చ ఉంది: జిగటగా, పలచగా, నాణెం అంతా పరుచుకున్నట్టుండేది. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో ఏళ్ల తరబడి ఉంచితే వచ్చే పూత అది. స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి, రుద్దకుండా బయటికి తీస్తే ఇది పోతుంది. కడగవద్దు అన్న మాటకు ఉన్న మినహాయింపు ఇదొక్కటే. అసిటోన్ చటుక్కున అంటుకుంటుంది, కాబట్టి గాజు గిన్నెలో, గాలి ఆడే చోట, మంటకు దూరంగా చేయాలి.

క్యుప్రోనికెల్ నాణేలు మట్టిలో పడి ఉంటే ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతాయి. ఇది చూసి "వేరే లోహం మీద పొరపాటున కొట్టారు" అనుకునేవాళ్లు చాలామంది. రంగు చూసి లోహం చెప్పకండి. త్రాసు మీద పెట్టండి. స్టెయిన్‌లెస్ స్టీల్ నాణేలకు రంగు పట్టడం దాదాపు ఉండదు. వాటి మీది గోధుమ మచ్చలు చాలావరకు వేరే ఇనుప వస్తువుల నుంచి అంటిన తుప్పే.

5. ఉబ్బిందా, గుంట పడిందా?

ఈ మెట్టును మాత్రం వదిలేయకండి. నాణెం మీద ఏ గీత కనిపించినా, ఏ మచ్చ కనిపించినా లూప్ కింద పెట్టి ముందు ఇది చూడండి: అది చుట్టూ ఉన్న తలం కంటే పైకి ఉందా, లోపలికి ఉందా?

అచ్చు, నాణెం ఒకదానికొకటి తిరగవేసిన రూపాలు. అచ్చు మీద పగులు వస్తే అది గాడి. కొట్టినప్పుడు ఆ గాడిలోకి లోహం ఎక్కుతుంది, కాబట్టి నాణెం మీద అది ఉబ్బెత్తు గీతగా వస్తుంది. అచ్చు మీద ఎవరైనా గీత పెట్టినా అంతే, నాణెం మీద ఉబ్బుతుంది. దీనికి విరుద్ధంగా, నాణేన్ని మేకుతో గీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలోంచి తోసిన లోహం రెండు పక్కలా చిన్న గట్టులా లేస్తుంది. గుంట, దాని పక్కన గట్టు కనిపిస్తే అది దెబ్బే, ఇక ఆలోచించాల్సిన పని లేదు.

లోపలికి ఉన్న గుర్తులన్నీ దెబ్బలు కావు, ఇది కూడా గుర్తుంచుకోవాలి. కొట్టేటప్పుడు అచ్చుకూ బిళ్లకూ మధ్య దారమో, లోహపు పొట్టో, గట్టిపడిన గ్రీజో ఇరుక్కుంటే దాని ఆకారం నాణెం మీద గుంటగా దిగుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ పక్కన గట్లు ఉండవు. లోహం తోసుకుని పోలేదు, ఆ చోటికి ఎక్కనే లేదు. గుంట అడుగు కూడా గీరుకుపోకుండా ఉంటుంది.

ఉబ్బెత్తు విషయంలోనూ ఒక మెలిక ఉంది. అంచుకు ఆనుకుని, బొమ్మ ఏమీ లేకుండా లోహం ముద్దలా కనిపిస్తే అచ్చు మూల విరిగి ఊడిపోయి ఉండవచ్చు. నాణేలవాళ్లు దీన్ని కడ్ అంటారు. అయితే ఎవరైనా టంకం చుక్క వేసినా అలాగే కనిపిస్తుంది. నాణేన్ని తిప్పి సరిగ్గా ఆ చోటు వెనక వైపు చూడండి. నిజమైన కడ్ అయితే లోహమంతా ఇటు ఖాళీలోకి పోయింది కాబట్టి అటు బొమ్మ బలహీనంగా పడుతుంది. అటు వైపు అక్షరాలు నిండుగా ఉంటే ఇటున్న ముద్ద తర్వాత అంటించిందే.

6. తరచూ ఎర్రర్ అనుకునే దెబ్బలు

బట్టలారబెట్టే యంత్రాల్లో చిక్కుకుని చాలాకాలం దొర్లిన నాణెం చూస్తే నిజంగానే మింట్‌లో ఏదో జరిగిందనిపిస్తుంది. అంచు లోపలికి చుట్టుకుపోయి మందంగా ఉంటుంది, అంచు దగ్గరి అక్షరాలు నలిగిపోయి ఉంటాయి, వ్యాసం తగ్గుతుంది. కానీ బరువు దాదాపు మామూలుగానే ఉంటుంది, పక్క అంచు మీద సుత్తితో కొట్టినట్టు లెక్కలేనన్ని చిన్న చిన్న దెబ్బలు కనిపిస్తాయి. ప్రెస్ ఒక్కసారే కొడుతుంది.

ఆమ్లంలో వేసిన నాణెం చిన్నదై, పలచబడి, బరువు తగ్గుతుంది. పలచటి బిళ్ల మీద కొట్టిన అసలు ఎర్రర్ కూడా బరువు తక్కువే. అయితే దానిలో బొమ్మ కొన్నిచోట్ల బలహీనంగా ఉన్నా గీతల అంచులు తేటగా ఉంటాయి. ఆమ్లం తిన్నదానిలో అక్షరాలన్నీ ఒకే తీరుగా కరిగి సన్నబడతాయి, తలం గరుకుగా ఉంటుంది.

రెండు నాణేలను పక్కపక్కన పెట్టి పట్టకారులో బిగిస్తే ఒకదాని బొమ్మ రెండోదాని మీద తిరగేసి గుంటగా పడుతుంది. ఇది బ్రాకేజ్ అనే అసలు ఎర్రర్‌లా కనిపిస్తుంది. అసలు బ్రాకేజ్ ఎలా వస్తుందంటే, కొట్టిన నాణెం ఒకటి అచ్చుకే అతుక్కుపోయి తర్వాతి బిళ్లకు తానే అచ్చు అవుతుంది. అప్పుడు ఆ వైపు అసలు బొమ్మ ఉండనే ఉండదు, పూర్తిగా తిరగేసిన గుంట బొమ్మే ఉంటుంది. పట్టకారు పనిలో అసలు బొమ్మ నలిగిపోయి కింద కనిపిస్తూనే ఉంటుంది, దాని మీద అద్దంలో అక్షరాలు.

రెండు వైపులా బొమ్మే, బొరుసు లేదు అంటూ వచ్చే నాణేల్లో ఎక్కువభాగం ఇంద్రజాలికుల కోసం చేసినవే. ఒక నాణేన్ని తొలిచి, ఇంకో నాణెం ముక్కను లోపల బిగిస్తారు. అంచుకు లోపలి వైపు లూప్‌తో చుట్టూ చూడండి, సన్నటి అతుకు గీత దొరుకుతుంది.

రెండు లోహాల నాణేల్లో మధ్య ముక్క ఊడిపోవడం మరొకటి. ఉంగరం, మధ్య ముక్క విడివిడిగా వచ్చి కొట్టే ఒత్తిడికే ఒకటవుతాయి. మధ్య ముక్క లేకుండానే అచ్చు పడితే ఉంగరం లోపలి అంచు ఒత్తిడికి లోపలికి పారినట్టు ఉండాలి. ఆ అంచు పదునుగా, గీతలతో ఉండి, బొమ్మ అక్కడ ఠక్కున తెగిపోతే ఎవరో పొడిచి తీసేశారు. మధ్య ముక్క పక్కకు జరిగి ఉంటే, దాని మీదుగా ఉంగరం మీదికి బొమ్మ తెగకుండా కొనసాగుతోందా అని చూడాలి. కొనసాగితే జరగడం కొట్టకముందే జరిగింది, అసలు ఎర్రర్.

ఇక బంగారు పూత, రంగు వేసిన బొమ్మలు, రంధ్రాలు, వంకరలు, రోడ్డు మీద టైర్ల కింద నలిగినవి. వీటి మీద సమయం పెట్టకండి.

7. అసలు ఎర్రర్లు: బిళ్లలో పుట్టినవి

అంచున అర్ధచంద్రాకారంలో ముక్క లేని నాణెంతో మొదలుపెట్టండి. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఎర్రర్ లేదు. రేకు సరిగ్గా ముందుకు జరగకపోతే బిళ్లను కత్తిరించే పంచ్ అంతకుముందు చేసిన రంధ్రం మీద కొంత పడుతుంది, ముక్క లేని బిళ్ల వస్తుంది, దీన్నే క్లిప్ అంటారు. అంచును పైకి లేపే యంత్రం బిళ్లను రెండు పక్కల నుంచి నొక్కుతుంది కదా. ఒక పక్క ముక్క లేకపోతే ఆ క్షణంలో ఎదురు పక్క కూడా ఒత్తిడి అందదు. అందుకని ముక్క పోయిన చోటుకు సరిగ్గా ఎదురుగా అంచు బలహీనంగా, ఒక్కోసారి అసలే లేకుండా ఉంటుంది. దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. ఇంట్లో ఆకురాయితో అరగదీసినవాడికి ఎదురు పక్క అంచును మాయం చేయాలన్న ఆలోచన రాదు. రెండో గుర్తు, కోత పక్కనున్న అక్షరాలు కోత వైపు కాస్త సాగినట్టు, మసకగా ఉంటాయి, లోహం ఆ ఖాళీలోకి పారింది కాబట్టి. కోసిన నాణెంలో అక్షరం కత్తితో నరికినట్టు నిలువునా తెగుతుంది, లూప్ కింద ఆకురాయి గీతలు కనిపిస్తాయి. ప్రతి అసలు క్లిప్‌లోనూ బ్లేక్స్‌లీ గుర్తు కనిపించి తీరాలని లేదు, అందుకే రెండూ కలిపి చూసుకోండి.

లోహంలో మలినాలు ఉంటే పైపొర పెచ్చులా లేస్తుంది, ఇది లామినేషన్. పెచ్చు ఊడిన చోట అడుగు లోహపు పోగుల దిశలో చారలు ఉంటాయి. రాగిపూత వేసిన జింక్ నాణేల మీది చిన్న చిన్న బుడగలు కూడా తయారీలో పుట్టినవే, కానీ ఎంత మామూలంటే వాటిని ఎవరూ పట్టించుకోరు.

8. అచ్చులో పుట్టినవి

ఇక అందరినీ ఎక్కువగా తికమక పెట్టేది, జంట అక్షరాలు. రెండు రకాలున్నాయి, వాటి మధ్య తేడా కొండంత.

మొదటిది డబుల్డ్ డై. అచ్చునే తయారుచేసేటప్పుడు మూల బొమ్మను దాని మీద ఒకటి కంటే ఎక్కువసార్లు ఒత్తేవారు. రెండోసారి ఒత్తినప్పుడు కాస్త తిరిగితే అచ్చు మీదే బొమ్మ జంటగా పడుతుంది, ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే జంట అదే చోట వస్తుంది. 1955 నాటి అమెరికా ఒక సెంటు నాణెం దీనికి పేరుమోసిన ఉదాహరణ. 20,000కు పైగా అలాంటి నాణేలు మామూలువాటిలో కలిసి బయటికి వచ్చాయి, వాటి మీద సంవత్సరం, అక్షరాలు కంటితోనే జంటగా కనిపిస్తాయి.

రెండోది మెషిన్ డబ్లింగ్. అచ్చు బిగుతు తగ్గి, కొట్టిన మరుక్షణం కాస్త కదిలి, అప్పటికే లేచిన అక్షరాన్ని పక్కకు ఒరుసుకుంటుంది. ఇది చాలా మామూలు, అదనపు విలువ ఏమీ ఉండదు.

లూప్ పెట్టి ఒకే ఒక్క అక్షరం మీద దృష్టి నిలపండి. రెండో బొమ్మ మొదటిదాని అంత ఎత్తులో, గుండ్రంగా ఉండి, అక్షరం మొత్తంగా వెడల్పైందా? అక్షరం కొనల్లో రెండు మూలలు విడిపోయి మధ్యలో చిన్న నొక్కు కనిపిస్తోందా? అయితే డబుల్డ్ డై అనుకోవడానికి ఆస్కారం ఉంది. రెండో బొమ్మ తలానికి దగ్గరగా, చదునైన మెట్టులా, మెరుస్తూ ఉండి, అసలు అక్షరం సన్నబడిందా? అయితే మెషిన్ డబ్లింగ్. ఉన్న అక్షరంలోంచే లోహం తీసుకుని ఆ మెట్టు ఏర్పడింది, అందుకే అక్షరం సన్నబడుతుంది. మూడో రకం ఒకటుంది, అచ్చు బాగా అరిగిపోయినప్పుడు అక్షరాల చుట్టూ నీడ పట్టినట్టు, అంచు వైపు పాకినట్టు కనిపించేది. దానికీ విలువ లేదు.

రెండు అచ్చులు మధ్యలో బిళ్ల లేకుండా ఒకదానికొకటి కొట్టుకుంటే ఒకదాని బొమ్మ మసకగా రెండోదానికి అంటుతుంది. అప్పుడు నాణెం ఖాళీ తలం మీద అవతలి వైపు బొమ్మ అంచులు తిరగేసినట్టు కనిపిస్తాయి. ఇది డై క్లాష్. అక్షరాలు మాయమైతే చాలాసార్లు కారణం అచ్చు గుంటల్లో నిండిన గ్రీజు. అక్షరం లేని చోట కూడా మెరుపు మామూలుగా ఉండి, అరగదీసిన గీతలు లేకపోతే అదే.

వేర్వేరు నాణేలకు చెందిన అచ్చులు జతకడితే దాన్ని మ్యూల్ అంటారు. 2008లో బ్రిటన్ 20 పెన్స్ నాణెం డిజైన్ మార్చినప్పుడు సంవత్సరాన్ని ఒక వైపు నుంచి రెండో వైపుకు జరిపారు. కొన్నిటికి కొత్త బొరుసుతో పాత బొమ్మ అచ్చు జతచేశారు, దానితో రెండు వైపులా ఎక్కడా సంవత్సరం లేని నాణేలు వాడకంలోకి వచ్చేశాయి. అరుగుదల, దెబ్బ, రంగు వేటితోనూ సంబంధం లేని ఎర్రర్ ఇది. రెండు వైపులా చదవడం అలవాటు చేసుకుంటేనే ఇలాంటివి దొరుకుతాయి.

9. కొట్టే క్షణంలో పుట్టినవి

బిళ్ల అచ్చుల మధ్య సరిగ్గా కూర్చోకపోతే బొమ్మ ఒక పక్కకు పడుతుంది, మిగతా చంద్రవంక ఖాళీగా ఉంటుంది. రెండు వైపులా సరిగ్గా ఒకే చోట ఖాళీ ఉండాలి, అది మర్చిపోవద్దు. ఒక వైపే ఖాళీగా ఉంటే అరగదీశారేమో చూడండి. సేకర్తలు సగం దాకా జరిగి, సంవత్సరం మాత్రం పూర్తిగా కనిపించే వాటిని ఇష్టపడతారు. బొమ్మ మధ్యలోనే పడి, కాలర్ మాత్రం పట్టకపోతే లోహం చుట్టూ పరుచుకుని నాణెం వెడల్పవుతుంది, పక్క గీట్లు ఉండవు. సుత్తితో కొట్టి వెడల్పు చేసినదాంట్లో బొమ్మ చితికి ఉంటుంది, ఇందులో తేటగా ఉంటుంది.

ఒక వైపు అచ్చు రెండో వైపుతో పోలిస్తే తిరిగిందేమో చూడాలంటే మీ నాణేలకు మామూలు పద్ధతి ఏదో ముందు తెలియాలి. యూరో, బ్రిటిష్ నాణేలను కుడి ఎడమలుగా తిప్పితే రెండో వైపు నిటారుగా ఉంటుంది. అమెరికా నాణేలను పై నుంచి కిందికి తిప్పాలి. కొద్దిపాటి వాలును ఎవరూ ఎర్రర్‌గా లెక్కించరు.

బొమ్మలో ఎత్తైన భాగం చదునుగా ఉంటే అరిగిందా, అచ్చే సరిగా పడలేదా అన్న అనుమానం వస్తుంది. అరిగినచోట మెరుపు పోయి రంగు మారుతుంది. సరిగా పడని చోట మెరుపు ఉంటుంది, బిళ్ల మీది అసలు గరుకు గుర్తులు చెరగకుండా మిగిలిపోతాయి.

10. తూకం, అయస్కాంతం

పక్కన పెట్టుకున్న మామూలు నాణెంతో పోల్చే ఈ పరీక్ష చేయాలి. అమెరికా సెంటు 1982లో 3.11 గ్రాముల నుంచి 2.5 గ్రాములకు మారింది, ఆ ఒక్క సంవత్సరంలో రెండు బరువులూ సరైనవే. సంగతి తెలియనివాళ్లకు తేలికైనది ఎర్రర్‌లా కనిపిస్తుంది. అలాగే బ్రిటన్ 1, 2 పెన్నీలు 1992 నుంచి చాలావరకు రాగిపూత వేసిన స్టీల్, అయస్కాంతానికి అతుక్కుంటాయి. అంతకుముందు కంచువి అతుక్కోవు. ఒక దేశం నాణేల లోహం ఏ సంవత్సరంలో మారిందో చూసుకోకుండా "తప్పు లోహం" అనకండి.

1943లో యుద్ధం వల్ల అమెరికా సెంటును జింక్ పూత వేసిన స్టీల్‌తో చేశారు, 2.70 గ్రాములు. పొరపాటున కంచు బిళ్లల మీద పడినవి అతి కొద్ది, అవి చాలా విలువైనవి. అందుకే స్టీల్ సెంటు మీద రాగి పూసి అమ్మేవాళ్లు తయారయ్యారు. అయస్కాంతం దగ్గర పెడితే అలాంటిది టక్కున అతుక్కుంటుంది, కథ అక్కడే తేలిపోతుంది. అతుక్కోకపోయినా సంబరపడకండి, 1948 నాటి కంచు సెంటులో 8ని గీరి 3గా మార్చినవి కూడా ఉన్నాయి. ఆ అంకె ఆకారాన్ని 1943 నాటి స్టీల్ సెంటు మీది 3తో పోల్చాలి.

11. తేలాక ఏం చేయాలి

దెబ్బ అని తేలితే ఖర్చుపెట్టేయండి. రంగు సహజమని, మెరుపు నిలిచి ఉందని అనిపిస్తే గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్‌లో, తేమ లేని చోట పెట్టండి, మెత్తటి పీవీసీ కవర్ మాత్రం వద్దు. ఎర్రర్ అనిపిస్తే రెండు వైపులా నేరుగా ఒక్కో ఫొటో, తేడా ఉన్న చోట పక్క వెలుతురులో ఒక ఫొటో, పక్క అంచుది ఒకటి, త్రాసు మీద బరువు కనిపించేలా ఒకటి, మామూలు నాణెం పక్కన పెట్టి ఒకటి తీయండి. ఎవరినైనా అడిగేటప్పుడు "ఇది ఎంత" అనకుండా "ఇది అచ్చులో వచ్చిందా, కొట్టేటప్పుడు వచ్చిందా" అని అడిగితే జవాబులు వేరే స్థాయిలో వస్తాయి, మీరు ఎంతవరకు పరీక్షించారో అవతలివాళ్లకు అర్థమవుతుంది. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలు నాణేన్ని పరీక్షించి, దాని స్థితికి గ్రేడు వేసి, సీల్ చేసి ఇస్తాయి. కడిగినవాటికి, దెబ్బతిన్నవాటికి పూర్తి గ్రేడు ఇవ్వకుండా "డీటెయిల్స్" అని రాస్తాయి. ఫీజు, పోస్టేజీ, ఇన్సూరెన్సు కలిపి చూసుకుని, ఆ ఖర్చు కంటే నాణెం విలువ బాగా ఎక్కువ ఉంటుందని నమ్మకం కుదిరితేనే పంపండి. గ్రీజు నిండి ఒక అక్షరం మాయమైన మామూలు నాణేన్ని పంపితే ఫీజే నష్టం.